గాలి బాగున్న రోజుల్లోనే ఈ లేఖ రాస్తున్నాను, కలెక్టర్ గారూ

నల్గొండ జిల్లా కలెక్టర్ గారికి, మిర్యాలగూడ మున్సిపాలిటీ పెద్దలకు, మా ఊరి రైస్ మిల్లర్లకు, చుట్టుపక్కల మండలాల రైతులకు

నమస్కారం.

నేను మిర్యాలగూడలో 19 ఏళ్లుగా చిన్న మందుల షాపు నడుపుతున్నాను. ఇవాళ సెప్టెంబరు చివరి వారం, తెల్లవారుజామున ఒక జల్లు పడి వెలిసింది. డాబా ఎక్కి చూస్తే దగ్గర్లోని మిల్లు గొట్టం, దాని వెనక ఐదు తాటిచెట్లు, వాటి వెనక పొట్ట మీదున్న వరి, అన్నీ కడిగినట్టు కనబడుతున్నాయి. గాలి ఇంత బాగున్న రోజున గాలి గురించి లేఖ ఏంటని మీరు అనుకోవచ్చు. నవంబరులో రాస్తే అప్పటికే కోతలు మొదలై మీకు ధాన్యం కొనుగోళ్ల టెన్షన్, మిల్లర్లకు లారీల టెన్షన్, రైతుకు ఎక్కడ వాన పడుతుందోనన్న టెన్షన్, నా మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. జనవరిలో రాస్తే "ఇంకో నెల ఓపిక పట్టు, అదే పోతుంది" అంటారు, నిజంగానే పోతుంది కూడా, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయినట్టే ఈ పొగా పోతుంది, దాంతో అందరం మర్చిపోతాం. ఏటా జరిగేది ఇదే. అందుకే ఈసారి ముందుగా రాస్తున్నాను.

ఆ ఐదు తాటిచెట్ల సంగతి చెప్పాలి. మూడేళ్లుగా రోజూ పొద్దున ఆరున్నరకు డాబా మీదికెక్కి వాటిలో ఎన్ని కనబడుతున్నాయో చూసి నోటుబుక్కులో రాస్తున్నాను. గాలిని కొలిచే మిషన్ నా దగ్గర లేదు, ఉన్నవి కళ్లే. దగ్గరి చెట్టు మా ఇంటికి అర కిలోమీటరు ఉంటుంది, చివరిది కిలోమీటరున్నర పైనే. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా పేజీలన్నీ 5, 5, వాన, 5. దసరా దాటాక 4, 3 మొదలవుతాయి. కార్తీక పౌర్ణమి నుంచి సంక్రాంతి దాకా చాలా పొద్దుల్లో సున్నా. కొన్ని రోజులైతే చెట్లు సరే, మిల్లు గొట్టమే కనబడదు. మంచు కదా అంటారు అందరూ, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ ఉత్త మంచైతే ఎండెక్కగానే విడిపోవాలి కదా. తొమ్మిదిన్నరకు ఎండ చురుక్కుమంటున్నప్పుడు కూడా చెట్ల మొదళ్ల దగ్గర బూడిద రంగు పట్టీ ఒకటి నేలను అంటిపెట్టుకొనే ఉంటుంది. ఒకసారి ఒక ఆఫీసుకు వెళ్లి ఈ నోటుబుక్కు చూపిస్తే అక్కడున్నాయన రెండు పేజీలు తిప్పి "చలికాలం మంచు ఉండదా సార్" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, కానీ ఆ పట్టీ మంచు కాదు, పొగ.

నా దగ్గర ఇంకో పుస్తకం ఉంది, షాపులో ఆర్డర్లు రాసుకునేది. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే మాట చెబుతాయి. తాటిచెట్లు తగ్గుతున్న వారంలోనే ఇన్‌హేలర్ల ఆర్డరు పెరుగుతుంది, నెబులైజర్‌లో వేసే మందు ట్యూబులు రెండేసి సార్లు తెప్పించాల్సి వస్తుంది. ఏటా ఇంచుమించు అవే వారాలు.

ఆ రెండు నెలలు షాపులో ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క రాత్రి చాలు. పోయిన డిసెంబరులో ఒక రోజు పదిన్నర దాటింది, షట్టర్ సగం దించాను. ఒకామె నాలుగేళ్ల బాబును భుజాన వేసుకొని వచ్చింది, వాళ్లాయన బండికి స్టాండు కూడా వేయకుండా అలాగే పట్టుకొని నిలబడ్డాడు. బాబు ఏడవట్లేదు, ఏడవడానికి ఊపిరి చాలట్లేదు. ఆమె చొక్కా పైకెత్తి చూపించింది, గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. నేను మందు ఇవ్వలేదు, అలాంటప్పుడు ఇవ్వకూడదు కూడా, నేరుగా పిల్లల ఆస్పత్రికి పొమ్మని చెప్పి నేనూ వాళ్ల వెనకే వెళ్లాను. ఆక్సిజన్ పెట్టారు, నెబులైజర్ పెట్టారు, తెల్లారేసరికి కుదుటపడ్డాడు. వాళ్ల ఊరు ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. ఆ సాయంత్రం ఇంటి వెనక పొలంలో వరి కొయ్యలు కాల్చారట. ఆ పొలం ఎవరిదని నేను అడగలేదు. ఆమే చెప్పింది, మాదే అన్నా అని.

మాకూ వేములపల్లి వైపు మూడెకరాలుంది. మేమూ ఏళ్ల తరబడి కాల్చినవాళ్లమే, కాబట్టి ఆమెకు ఏం సమాధానం చెప్పాలో నాకు తోచలేదు.

మన గాలి ఎందుకిలా అవుతుందో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఢిల్లీ పొగ అంటే టీవీలో చూసేదనీ, పొగ పట్టేది పెద్ద నగరాలకేననీ మనందరి నమ్మకం. కానీ మేఘాలయ, అస్సాం సరిహద్దులో బర్నీహాట్ అని ఒక చిన్న పట్టణముంది, 2024 లెక్కల్లో ప్రపంచంలోనే గాలి అధ్వానంగా ఉన్న ఊరని, దేశదేశాల గాలిని లెక్కగట్టే ఐక్యూఎయిర్ కంపెనీ నివేదికలో మొదటి స్థానంలో నిలిచింది అదే. పీఎం 2.5, అంటే గాలిలో తేలే అతి సన్నటి నలుసులు, అక్కడ ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 128.2 మైక్రోగ్రాములు, మన దేశం పెట్టుకున్న హద్దు 40. అక్కడ చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లంలో ఊరు, దాన్నిండా ఫ్యాక్టరీలు, పొగ బయటికి పోయే దారి లేదు. సరే, వాళ్లకు కొండలు అడ్డం. మనకు కొండల్లేవు కదా, ఎటు చూసినా చదును నేల, మరి మన పొగను ఎవరు ఆపుతున్నట్టు?

ఆపుతున్నది రాత్రి. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో నేల తన వేడిని పైకి వదిలేసి గబగబా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, కిందే కూర్చుంటుంది. ఆ పైన ఉన్న గాలి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. మామూలు పగటి పూట కింద వెచ్చగా, పైన చల్లగా ఉంటుంది కాబట్టి కింది గాలి లేచి పైకి పోతూ పొగను కూడా తీసుకుపోయి పల్చన చేస్తుంది. చలికాలం రాత్రి ఇది తలకిందులవుతుంది, పైనున్న వెచ్చటి గాలి మూతలా పడుతుంది. నమ్మకం కుదరకపోతే డిసెంబరులో ఒక రోజు పొద్దున్నే ఆరింటికి మా డాబా మీదికి రండి. మిల్లు గొట్టంలోంచి పొగ తిన్నగా లేస్తుంది, ఒక ఎత్తుకు వెళ్లగానే ఎవరో చేత్తో అదిమినట్టు ఆగిపోయి, పక్కలకు తిరిగి, దుప్పటి పరిచినట్టు ఊరి మీద పరుచుకుంటుంది. మే నెల మధ్యాహ్నం అదే గొట్టం పొగకు నేల నుంచి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోయే చోటుంటుంది. డిసెంబరు తెల్లవారుజామున ఉండేది వంద, రెండొందల మీటర్లు. పొగ అంతే ఉన్నా దాన్ని పెట్టుకునే గది పదోవంతుకు కుదించుకుపోతుందన్నమాట.

దీనికి తోడు మనది పల్లపు నేల. హైదరాబాద్ సముద్ర మట్టానికి ఐదొందల మీటర్ల పైన ఉంటే మనం వంద మీటర్ల పైచిలుకులో ఉన్నాం, నేలంతా కృష్ణ వైపు వాలు, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి మనకు దగ్గరే. ఆ పైన సాగర్ ఎడమ కాలువ నీళ్లు, తడి ఆరని మడులు, చెరువులు, కాలువ గట్లు. గాలిలో తేమకు కొదవ లేదు. మంచు బిందువు కట్టాలంటే పట్టుకోవడానికి ఏదో ఒక నలుసు కావాలి, పొగలో ఉండే నలుసుల మీదే ఆ తేమ పేరుకుంటుంది. పొగ ఎంత ఎక్కువుంటే మంచు అంత చిక్కగా కట్టి, అంత ఆలస్యంగా విడిపోతుంది. అద్దంకి హైవే మీద తెల్లవారుజామున లారీలు పట్టపగల్లా లైట్లు వేసుకొని కూడా పాక్కుంటూ పోవాల్సి రావడం వెనక మంచుతో పాటు మన పొగ కూడా ఉంది.

ఇంకో సంగతి నాకు ఈ మధ్యే తట్టింది. నేల మనకు పొగను పట్టి ఉంచే గుణాన్ని ఇచ్చి ఊరుకోలేదు, పొగ పెట్టే పనుల్ని కూడా ఇచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అంతకు ముందు ఇక్కడ మెట్ట పంటలే ఎక్కువ, మా తాత జొన్న, ఆముదం వేసేవాడు. కాలువ వచ్చాక వరి వచ్చింది, వరి వచ్చాక మిల్లులు వచ్చాయి, రైలు ఉంది కాబట్టి మిల్లులు నిలదొక్కుకున్నాయి. కృష్ణ ఒడ్డున సున్నపురాయి పొరలున్నాయి కాబట్టి వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు వచ్చింది. కృష్ణ నీళ్లు దగ్గర, రైలు దగ్గర కాబట్టి దామరచర్ల మండలం వీర్లపాలెంలో 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్ల బొగ్గు కరెంటు వచ్చింది. ఇందులో ఏదీ రాకుండా ఉండాల్సింది అని నేను అనను. ఆ కాలువ లేకపోతే మా నాన్న చదువుకునేవాడు కాదు, నేను ఈ షాపు పెట్టేవాణ్నీ కాదు. కానీ ఇవన్నీ ఒకే మూత కింద ఉన్నాయన్నది మాత్రం లెక్కలోకి తీసుకోవాలి కదా.

వానకాలం పంట సంగతే చూడండి. అక్టోబరు చివర కోతలు మొదలై డిసెంబరు దాకా సాగుతాయి, అంటే సరిగ్గా ఆ మూత కిందికి దిగే రోజుల్లోనే. మన దగ్గర సన్నాలను మిషన్ కోయగానే పచ్చి ధాన్యంగానే ట్రాక్టర్లలో మిల్లులకు తోలతారు. వందల ట్రాక్టర్లు రోడ్ల మీద బారులు తీరతాయి, కొన్నేళ్ల కింద టోకెన్లు పెట్టాల్సి వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. లైను జరిగినప్పుడల్లా ఇంజను స్టార్ట్ చేయడం, ఆపడం. లోపలికెళ్లాక ఆ పచ్చి ధాన్యం ఆరాలంటే డ్రయ్యర్లు నడవాలి, డ్రయ్యర్లకు, బాయిలర్లకు పొయ్యిలో వేసేది ఊకే. టన్ను ధాన్యం ఆడిస్తే 200 కిలోల ఊక వస్తుంది, ఆ ఊకను కాలిస్తే 40 కిలోల దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. ఇప్పుడు మిర్యాలగూడకు సీజన్‌లో వచ్చే ధాన్యాన్ని మిల్లర్లే లెక్కేసుకోండి, ఎన్ని టన్నుల బూడిదో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ బూడిదను ఇటుకలకు, సిమెంటులో కలపడానికి కొంటారు, అమ్మేటప్పుడు దానికి విలువ ఉంది, కానీ అమ్మేదాకా అది ఎక్కడ, ఎలా పడి ఉంటుందన్నదే సమస్య.

ధనుర్మాసంలో మా ఇంట్లో తెల్లవారుజామునే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి ముగ్గు వేస్తారు. ఏడింటికి వెళ్లి చూస్తే తెల్లటి గీతల మీద నువ్వుల్లాగా నల్లటి రవ్వలు. వేలితో తాకితే నలిగి బూడిద గీత అవుతుంది. మా ఆవిడ ఏమీ అనదు, మళ్లీ చీపురు తీసుకుంటుంది. ఆ రవ్వలు కంటికి కనబడేవి, బరువు ఎక్కువ కాబట్టి కింద పడ్డాయి, నిజానికి వాటితో వచ్చే ప్రమాదం తక్కువ. కంటికి ఆననివే ఎక్కువ హాని చేస్తాయి, వెంట్రుక మందంలో పాతికో వంతు కూడా లేనివి, ముక్కు, గొంతు ఆపలేక నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు పోయేవి. పీఎం 2.5 అంటే అవే. ఒక రోజు సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం 2009లో పెట్టుకున్న నిబంధన, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15.

మిల్లు పొగకు తోడు పొలం పొగ. హార్వెస్టర్ అడుగు ఎత్తున కొయ్యలు వదిలేసి గడ్డిని వెనక చిందరవందరగా పోసి పోతుంది. వానకాలం కోతకూ యాసంగి నాట్లకూ మధ్య ఉండే వ్యవధి చాలా తక్కువ, నారు ముదిరిపోతుంటే గడ్డిని ఏరే కూలీ ఎక్కడ దొరుకుతాడు? అగ్గిపుల్లకు రూపాయి కూడా కాదు. రైతు కాల్చేది సరదాకు కాదు, ఈ లెక్కకు. దయచేసి రైతును దొంగను చూసినట్టు చూడకండి. టన్ను గడ్డి కాలిస్తే 3 కిలోల ధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ వస్తాయని శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఎకరాకు రెండు టన్నుల గడ్డి వస్తుందనుకున్నా ఒక ఊరి ఆయకట్టు ఒక్క వారంలో ఎంత పొగ పెడుతుందో ఊహించుకోండి, అదీ సాయంత్రం అయిదు తర్వాత, మూత పడే వేళకు. ఎండ తగ్గాక మంట అదుపులో ఉంటుందని సాయంత్రం అంటిస్తాం, ఆ పొగ రాత్రంతా ఊళ్ల మీదే పడుకుంటుంది. దీపావళి ఈ రోజుల్లోనే. చలి ముదిరాక భోగి, దాంట్లో పిడకలు, కట్టెల బదులు పాత టైర్లు వేసే పిచ్చి అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు కానీ, దయచేసి ఆపండి పిల్లలూ. టైరు పొగ ఇంట్లోని తాతకే మొదట తగులుతుంది.

యాసంగి కథ వేరు. ఏప్రిల్, మే ఎండల్లో పొగ పైకి లేచిపోతుంది, తాటిచెట్లు 4, 5 కనబడుతూనే ఉంటాయి, అందుకే ఆ నెలల్లో ఎవరూ గాలి గురించి మాట్లాడరు. కానీ 45 డిగ్రీల ఎండకు యాసంగి గింజ లోపలే పగుళ్లు పట్టి, పచ్చిది ఆడిస్తే నూకైపోతుంది కాబట్టి ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు, ఉడకబెట్టాలంటే మళ్లీ బాయిలర్, మళ్లీ ఊక. వడగాలికి బూడిద కుప్పలు లేచి బండి మీద పోయేవాళ్ల కళ్లలో పడతాయి. మేలో నా దగ్గర ఇన్‌హేలర్లు కదలవు, కంటి చుక్కల మందు కదులుతుంది. కళ్లు నలుపుకుంటూ వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, నలపొద్దు, నీళ్లతో కడగండి, అది ఇసుకలాంటిది, కనుగుడ్డును గీరుతుంది. పొలాల్లో అంటించిన మంట ఆ గాలికి గట్లు దాటి పోతుంది, గీత కార్మికుల తాటిచెట్లు మొదలంటా కాలిపోతాయి, మంట ఆర్పబోయి చిక్కుకుపోయిన రైతుల వార్తలు ఏటా వేసవిలో మనం చదువుతూనే ఉన్నాం. నా నోటుబుక్కులోని ఐదు చెట్లలో మూడోది పోయిన మేలో అలాగే సగం కాలింది. మట్టలు మళ్లీ వేసింది, బతికింది.

వానకాలం గురించి చెప్పడానికి ఏముంది, పడమటి గాలి తోస్తుంది, వాన కడుగుతుంది, నేను షాపులో కాస్త ఖాళీగా కూర్చుంటాను.

నేను చెప్పాలనుకున్నది ఇది, కలెక్టర్ గారూ. మన ఊరి గాలి చెప్పకుండా పాడైపోదు, తేదీ చెప్పి మరీ పాడవుతుంది. తుపానైతే ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఇది అలా కాదు, కోతల తేదీలు మీ దగ్గరే ఉంటాయి. ధాన్యం కొనుగోళ్లకు మీరు ముందుగానే మీటింగ్ పెడతారు, ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు, ఎన్ని గన్నీ సంచులు, ఎన్ని టార్పాలిన్లు, తేమ 17 శాతం చూసే మిషన్లు, తాలు పట్టే మిషన్లు, ఏ సెంటరుకు ఏ మిల్లు, అన్నీ కాగితం మీదికి వస్తాయి. ఆ మీటింగ్‌లో వ్యవసాయ శాఖ ఉంటుంది, మిల్లర్లు ఉంటారు, రవాణా వాళ్లుంటారు. గాలికి సంబంధించిన వాళ్లందరూ ఒకే గదిలో కూర్చునేది జిల్లాలో ఆ ఒక్క రోజే. ఆ ఎజెండాలో గాలిని కూడా ఒక అంశంగా చేర్చండి. కొత్త ఆఫీసు పెట్టమని, కొత్త చట్టం తెమ్మని నేను అడగట్లేదు.

చేర్చి ఏం చేయాలంటారా, నాకు తోచింది చెబుతాను. గన్నీ సంచులకు ఊరి వారీగా ఎలా లెక్క కడతారో గడ్డి చుట్టే బేలర్లకు కూడా అలాగే కట్టండి. హార్వెస్టర్ ఏ ఊళ్లో ఏ తేదీన దిగుతుందో సెంటరు వాళ్లకు తెలుస్తుంది, వారం తిరక్కుండా అక్కడికి బేలర్ వెళ్లేలా చూడండి. గడ్డికట్టలకు పాడి రైతుల దగ్గర గిరాకీ ఉంది, కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య దారి కుదిర్చేవాళ్లే లేరు. బేలర్ అందని చోట నీళ్లు పెట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కొయ్యల్ని దమ్ములోనే కలియదున్నితే కుళ్లి ఎరువవుతుందని వ్యవసాయ శాఖ వాళ్లే చెబుతారు, మా తమ్ముడు రెండేళ్లుగా చేస్తున్నాడు. మొదటి ఏడు నారు కాస్త పసుపు రంగు తిరిగిందని భయపడ్డాడు, తర్వాత సర్దుకుంది. కాబట్టి ఆ భయం రైతుకు ఉంటుందని ముందే తెలుసుకొని, ఆ బస్తా అందుబాటులో ఉంచి, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారు ఒక్కసారి పొలం గట్టు మీద నిలబడి చెబితే చాలామంది అగ్గిపెట్టె జేబులోనే ఉంచుకుంటారు. టన్ను గడ్డిలో ఇంచుమించు ఐదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాల్లో కలుస్తుంది, మిగిలిన బూడిద మొదటి గాలికి పక్కవాడి చేనుకు పోతుంది. మళ్లీ యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టేది మనమే.

మిల్లర్లూ, మీరంతా నాకు తెలిసినవాళ్లే, మీలో చాలామంది నా షాపుకు వస్తారు, మీ హమాలీలు కూడా వస్తారు. ఒక పెద్దాయన ముప్పై ఏళ్లు బస్తాలు మోశాడు, ఇప్పుడు పది మెట్లు ఎక్కలేడు, పీల్చే క్యాప్సూళ్లు డబ్బా కొనే స్తోమత లేక పదేసి చొప్పున అడుగుతాడు. బీడీ తాగాడు, నిజమే, కానీ ఊక దుమ్మూ పీల్చాడు. మిమ్మల్ని మిల్లు ఆపమనట్లేదు. ఆరిన బాయిలర్‌ను మళ్లీ రాజేసేటప్పుడు వచ్చే పొగ అన్నిటికన్నా దట్టంగా ఉంటుంది, నవంబరు నుంచి జనవరి దాకా ఆ రాజేయడం ఒక్కటి తెల్లవారుజామున కాకుండా, మూత లేచాక, పొద్దున పది తర్వాత పెట్టుకోండి. బూడిదను తడిపి, గోడలున్న చోట పోసి, పట్టా కప్పి లారీ ఎక్కించండి. పొగ గొట్టం దగ్గర దుమ్ము పట్టే మిషన్ ఉన్నవాళ్లు దాన్ని రాత్రిపూట కూడా నడపండి. రాత్రి నడపడమే ముఖ్యం, ఎందుకో పైన రాశాను.

మున్సిపాలిటీ పెద్దలకు రెండే. ఏ ఊళ్లో చూసినా పొడి చీపుర్లతో రోడ్లు ఊడ్చేది తెల్లవారుజామునే, ఆ దుమ్మును మొదట పీల్చేది ఊడ్చే అక్కలే. చలికాలం మూడు నెలలు ముందు నీళ్లు చల్లించండి, వాళ్లకు మంచి మాస్కులివ్వండి, గుడ్డవి కాదు. ఆకులు, చెత్త ఎక్కడా కాల్చనివ్వకండి, చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. రెండోది, జనం తిరిగే చోట గాలి అంకెలు చూపించే బోర్డు ఒకటి పెట్టండి, బస్టాండ్ దగ్గరైతే మేలు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో మన జిల్లా నుంచి నల్గొండ ఉంది, మిర్యాలగూడ లేదు. మూడు పక్కలా ఇన్ని పొగలున్న ఊరికి సొంత అంకె కావాలి. దామరచర్ల మనకు ఆగ్నేయంలో ఉంది, చలికాలంలో గాలి మెల్లగా వచ్చేది ఎక్కువగా తూర్పు, ఆగ్నేయాల నుంచే, అక్కణ్నుంచి ఏమైనా వస్తోందా రావట్లేదా అన్నది ఊహలతో తేలదు, రోజువారీ అంకెలతోనే తేలుతుంది, రాకపోతే అందరికీ సంతోషమే.

ఎన్‌ఎస్‌పీ (నాగార్జునసాగర్ ప్రాజెక్టు) క్యాంపు వైపు పొద్దున ఐదింటికే వాకింగ్‌కు వెళ్లే పెద్దవాళ్లకు కూడా ఒక మాట. షుగర్, బీపీ మందులు నా దగ్గరే తీసుకుంటారు కాబట్టి చొరవగా చెబుతున్నాను. దీపావళి నుంచి సంక్రాంతి దాకా ఆ వేళకు వెళ్లకండి. రోజు మొత్తంలో గాలి అన్నిటికన్నా పాడుగా ఉండే గంటలవే. మూత లేచాక, పది దాటాక వెళ్లండి, లేదంటే సాయంత్రం నాలుగింటికి, మంటలు మొదలవకముందు.

కలెక్టర్ గారూ, కొనుగోళ్ల మీటింగ్ ఏ తేదీనో తెలిస్తే ఆ రోజు షాపు మా తమ్ముడికి అప్పజెప్పి నల్గొండ వస్తాను. తాటిచెట్ల నోటుబుక్కు, షాపు ఆర్డర్ల పుస్తకం రెండూ తెస్తాను, పేషెంట్ల పేర్లున్న పేజీలు తప్ప మిగతావన్నీ చూడొచ్చు. నాకు పది నిమిషాలిస్తే సరిపోతుంది. ఈ ఏడు మా వైపు కోతలు అక్టోబరు చివరి వారంలో మొదలయ్యేలా ఉన్నాయి, అంటే మనకు ఇంకా నాలుగు వారాలుంది.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి ఒక మందుల షాపు యజమాని